జపాన్ బళ్ళో విదేశీ టీచరు: జీతం చీటీ మీద ఎవరి పేరుంటే బతుకు అలా

2025 ఆగస్టులో ప్రధాని మోదీ టోక్యో వెళ్ళినప్పుడు రెండు దేశాలూ కలిసి ఒక లక్ష్యం ప్రకటించాయి: ఐదేళ్ళలో రెండు వైపులా కలిపి 5 లక్షల మందికి పైగా రాకపోకలు, అందులో భారత్ నుంచి జపాన్‌కు వెళ్ళే నిపుణులు 50 వేల మంది. ఇలాంటి వార్త వచ్చిందంటే నర్సులు, ఐటీ వాళ్ళతో పాటు టీచర్లూ ఆరా తీయడం మొదలుపెడతారు. ‘బీఈడీ ఉంది, ఇంగ్లీష్ బాగా వచ్చు. జపాన్ బళ్ళో చేరొచ్చా? అక్కడ రోజులు ఎలా గడుస్తాయి?’

ఆరా తీస్తే దొరికే జవాబులకు ఒకదానికొకటి పొంతన కుదరదు. ఒకాయన ‘విమానం టికెట్టు వాళ్ళే ఇచ్చారు, ఇల్లు వాళ్ళే చూపించారు, మొదటి నెల నుంచే 3 లక్షల యెన్‌ల పైన జీతం’ అంటాడు. ఇంకొకావిడ ‘ఆగస్టులో జీతం కోసేశారు, మార్చి వస్తే ఉద్యోగం ఉంటుందో ఉండదో అని టెన్షన్’ అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరూ బడికి వెళ్తున్నది ఒకే జిల్లాలో కావచ్చు, చెబుతున్నది అదే ఐదో తరగతి పాఠ్యపుస్తకం కావచ్చు. తేడా అంతా వాళ్ళ జీతం చీటీ మీద యజమానిగా ఎవరి పేరుందన్న దగ్గరే ఉంది. ఆ ముడి విప్పితే మిగతా చిక్కులు చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి.

హోదా ఒకటే, యజమానులు వేరు

జపాన్ ప్రభుత్వ బళ్ళలో ఇంగ్లీష్ చెప్పే విదేశీయులను ఏఎల్‌టీ అంటారు. అసిస్టెంట్ లాంగ్వేజ్ టీచర్ అన్నమాట. ఇందులో ‘అసిస్టెంట్’ మర్యాదకు పెట్టిన మాట అనుకోకండి, చట్టం అలాగే ఉంది. జపాన్ టీచర్ లైసెన్స్ లేనివాళ్ళు తరగతిని ఒంటరిగా నడపడానికి వీల్లేదు. పక్కన లైసెన్స్ ఉన్న జపాన్ టీచరు ఉండాలి, పాఠానికీ మార్కులకూ బాధ్యత ఆ టీచరుదే.

ఈ ఏఎల్‌టీలు మూడు దారుల్లో వస్తారు. మొదటిది జపాన్ ప్రభుత్వ పథకమైన జెట్ ప్రోగ్రామ్. 1987లో, నకసోనె ప్రధానిగా ఉన్నప్పుడు, అమెరికాతో వాణిజ్య తగాదాలు ముదిరి ఉన్న కాలంలో మొదలైంది. ఆ ఏడు నాలుగు దేశాల నుంచి 848 మంది వచ్చారు. ఇప్పుడు యాభై దాకా దేశాల నుంచి 5 వేల పైచిలుకు మంది పనిచేస్తున్నారు. దరఖాస్తు మన దేశంలోని జపాన్ రాయబార కార్యాలయం ద్వారానే. ఏడాది కాంట్రాక్టు, పొడిగిస్తూ పోతే గరిష్ఠంగా ఐదేళ్ళు. ఏదైనా ఒక డిగ్రీ ఉంటే చాలు, టీచింగ్ అనుభవం తప్పనిసరి కాదు. పిల్లలకు ఇంగ్లీష్ ఎంత ముఖ్యమో, బయటి దేశాల కుర్రాళ్ళు జపాన్ పల్లెలను చూసి మంచి అభిప్రాయంతో వెనక్కి వెళ్ళడమూ ఈ పథకానికి అంతే ముఖ్యం. సగం చదువు, సగం దౌత్యం. టీచర్‌గా శిక్షణ లేనివాళ్ళను ఎందుకు తీసుకుంటారన్న ప్రశ్నకు జవాబు ఈ పుట్టుకలోనే ఉంది.

రెండోది, పట్టణ విద్యా బోర్డు నేరుగా నియమించుకోవడం. మూడోది ప్రైవేటు కంపెనీ ద్వారా వెళ్ళడం. మన జూనియర్ కాలేజీ స్టాఫ్‌రూమ్‌ను తలుచుకుంటే ఇది ఇట్టే అర్థమవుతుంది. రెగ్యులర్ లెక్చరరు, కాంట్రాక్టు లెక్చరరు, గెస్ట్ ఫ్యాకల్టీ ముగ్గురూ పక్కపక్కనే కూర్చుంటారు, ఒకే సిలబస్ చెబుతారు. వేసవి సెలవుల్లో జీతం సంగతి వచ్చేసరికి ముగ్గురి కథలూ మూడు.

ప్రభుత్వ బడి బయట ఇంకో లోకం ఉంది. రైల్వే స్టేషన్ల దగ్గర మేడ మీద గదుల్లో నడిచే ఇంగ్లీష్ సంభాషణ కేంద్రాలను ఎయికైవా అంటారు. అక్కడ పని మధ్యాహ్నం మొదలై రాత్రి తొమ్మిదింటికి ముగుస్తుంది, శని ఆదివారాలే గిరాకీ ఎక్కువ. ఇది పూర్తిగా వ్యాపారం. 2007 అక్టోబరులో ఈ రంగంలో అన్నిటికంటే పెద్దదైన నోవా కుప్పకూలినప్పుడు వేల మంది విదేశీ టీచర్లు జీతాల బకాయిలతో రోడ్డున పడ్డారు. ఆ పేరుతో కేంద్రాలు వేరే యాజమాన్యం కింద ఇప్పటికీ నడుస్తున్నాయి.

పాఠాన్ని గుత్తకు ఇస్తే ఏమవుతుంది

అన్నిటికంటే చిక్కైనది ఆ మూడో దారి, కంపెనీ దారి. దీన్ని కాస్త నెమ్మదిగా చూడాలి.

బయటి కంపెనీ మనుషులతో పని చేయించుకోవడానికి జపాన్‌లో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. ఒకటి హకెన్. కంపెనీ మనిషిని పంపుతుంది, ఏం చేయాలో బడి చెబుతుంది. రెండోది గ్యోము ఇతాకు. అంటే ‘మా ఊరి బళ్ళలో ఏడాదికి ఇన్ని ఇంగ్లీష్ పీరియడ్లు’ అన్న పనిని కంపెనీ గుత్తకు తీసుకుంటుంది. గుత్త అన్నాక పని ఎలా చేయాలో తన మనిషికి కంపెనీయే చెప్పాలి. పని ఇచ్చినవాళ్ళు నేరుగా ఆజ్ఞలు ఇస్తే అది దొంగ గుత్త కింద లెక్క, చట్టవిరుద్ధం.

ఇప్పుడు దీన్ని ఐదో తరగతి గదిలో పెట్టి చూడండి. క్లాస్ టీచరు బోర్డు దగ్గర ఉంది. పక్కన గుత్త ఒప్పందం మీద వచ్చిన ఏఎల్‌టీ ‘వెన్ ఈజ్ యువర్ బర్త్‌డే?’ అని అడుగుతున్నాడు. వెనక బెంచీ పిల్లలకు అందడం లేదు. ‘కాస్త నెమ్మదిగా ఇంకోసారి చెప్పండి’ అని క్లాస్ టీచరు అనాలి. ఆ మాట నేరుగా అంటే ఆజ్ఞ ఇచ్చినట్టు. చట్టాన్ని అక్షరాలా పాటించాలంటే బడి కంపెనీకి చెప్పాలి, కంపెనీ ఏఎల్‌టీకి చెప్పాలి. అప్పటికి పీరియడ్ కాదు, వారమే అయిపోతుంది. లైసెన్స్ చట్టమేమో టీచరు పక్కనుండి పాఠం నడపాలంటుంది, కార్మిక చట్టమేమో ఆ టీచరు ఏఎల్‌టీకి పని చెప్పకూడదంటుంది. జపాన్ విద్యాశాఖ 2009లోనే ఈ ఇబ్బంది గురించి విద్యా బోర్డులను హెచ్చరించింది. అయినా ఈ ఒప్పందాలు పూర్తిగా పోలేదు. తరగతి గదిలో మాత్రం ఇద్దరూ మనుషుల్లాగే మాట్లాడేసుకుంటారు, తనిఖీ వచ్చేదాకా.

మరి ఊళ్ళు ఈ దారి ఎందుకు పడతాయి? చవక కాబట్టి అనేది సగం జవాబే. జెట్ ద్వారా మనిషిని తెచ్చుకుంటే ఆ ఖర్చును కేంద్రం స్థానిక సంస్థలకు పంచే పన్ను వాటాలో లెక్కగడుతుంది. ఆ రకంగా జెట్టే ఊరికి లాభం. కానీ సొంత ఆదాయం బాగా ఉన్న నగరాలకు ఆ వాటా రాదు, వాటికి ఈ లెక్క పనికిరాదు. పైగా జెట్ మనిషి అంటే పూచీ అంతా ఆఫీసుదే. అపార్ట్‌మెంట్ వెతకాలి, గ్యాస్ కనెక్షన్ పెట్టించాలి, అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే ఆసుపత్రికి వెంట వెళ్ళాలి, మధ్యలో ఇంటికి వెళ్ళిపోతే మళ్ళీ మనిషి వచ్చేదాకా ఎదురుచూడాలి. ఇద్దరు గుమాస్తాలున్న చిన్న ఊరి విద్యా ఆఫీసుకు ఇది తలకు మించిన భారం. కంపెనీ అయితే ఒకరు మానేస్తే వారంలో ఇంకొకరిని పంపుతుంది. ఆ సౌకర్యానికే ఊళ్ళు డబ్బు కడుతున్నాయి.

ఆ డబ్బు మాత్రం చాలాచోట్ల ఏటేటా టెండరు మీద తేలుతుంది. తక్కువకు పాడిన కంపెనీకి పని దక్కుతుంది. మార్చిలో కంపెనీ మారితే, అదే బడికి అదే మనిషి కొత్త కంపెనీ పేరు మీద తక్కువ జీతానికి వెళ్ళే సందర్భాలూ ఉంటాయి. పిల్లలకు ఏ తేడా తెలియదు.

ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగుదాకా

ఒప్పందం ఏదైనా, బడి లోపల రోజు మొదలయ్యేది చెప్పుల అలమర దగ్గరే. బయటి బూట్లు అక్కడ విప్పి, లోపల వేసుకోవడానికి విడిగా ఉంచుకున్న జత తొడుక్కోవాలి. స్టాఫ్‌రూమ్ ఒక పెద్ద హాలు. బల్లలు తరగతుల వారీగా గుంపులుగా ఉంటాయి, ఐదో తరగతి టీచర్లంతా ఒక గుంపు, ఆరో తరగతి వాళ్ళు ఇంకో గుంపు. అందరూ కనిపించేలా ముందు వైస్ ప్రిన్సిపాల్ బల్ల. హాజరు పట్టీలో ముద్ర వేసి కూర్చుంటే, ఎనిమిదింపావు ప్రాంతంలో అందరూ లేచి నిలబడి శుభోదయం చెప్పుకుని రోజు పనులు చదువుతారు. ఏఎల్‌టీ బల్ల తరచూ తలుపుకో ఫొటోకాపీ మిషన్‌కో దగ్గర్లో ఉంటుంది. మూడు నాలుగు బళ్ళు తిరిగేవాళ్ళకైతే వచ్చిన రోజున ఖాళీగా ఉన్న బల్లే దిక్కు.

ప్రాథమిక బడిలో పీరియడ్ 45 నిమిషాలు, జూనియర్ హైస్కూల్లో 50. 2020 ఏప్రిల్ నుంచి ఐదు, ఆరు తరగతులకు ఇంగ్లీష్ మార్కులు పడే సబ్జెక్టు అయింది, ఏడాదికి 70 పీరియడ్లు. మూడు, నాలుగు తరగతులకు ఆటపాటలతో 35 పీరియడ్లు. ఈ మార్పుతో ఏఎల్‌టీల అవసరం పెరిగింది, క్లాస్ టీచర్ల ఇబ్బందీ పెరిగింది. లెక్కలు, సైన్సు, సంగీతం, ఈత అన్నీ చెప్పే ప్రాథమిక టీచరు మీద ఇప్పుడు ఇంగ్లీష్ కూడా పడింది. చాలామంది దానికోసం శిక్షణ పొందినవాళ్ళు కారు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక భోజనం. ఆ వారం వంతు వచ్చిన పిల్లలు తెల్ల కోట్లు, టోపీలు, మాస్కులు వేసుకుని పెద్ద గిన్నెలు మోసుకొచ్చి తోటి పిల్లలకు వడ్డిస్తారు. అన్నమో బ్రెడ్డో, ఒక కూర, సూప్, పాల సీసా. పిల్లలకంటే ముందే ప్రిన్సిపాల్ ఒక ప్లేటు రుచి చూసి సరే అనాలి, అది నియమం. ఏఎల్‌టీ కూడా డబ్బు కట్టి అదే తింటాడు, చాలాచోట్ల పిల్లల మధ్య కూర్చునే.

శాకాహారులకు తిప్పలు ఇక్కడే మొదలవుతాయి. ముక్క కనిపించకపోయినా సూప్‌లో, ఉడికించిన కూరల్లో ఎండుచేప నీళ్ళు ఉంటాయి. ‘మాంసం లేదు’ అని వంటవాళ్ళు నిజాయతీగానే చెబుతారు, వాళ్ళ లెక్కలో ఆ నీళ్ళు మాంసం కాదు. ముందే చెప్పి ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటామంటే చాలా బళ్ళు ఒప్పుకుంటాయి. అలర్జీ ఉన్న పిల్లల జాబితా ఎటూ ఉంటుంది కాబట్టి డబ్బా తెచ్చుకోవడం వింతేమీ కాదు.

భోజనం కాగానే చాలా బళ్ళలో పావుగంటో ఇరవై నిమిషాలో బడి శుభ్రం చేస్తారు. పిల్లలతో పాటు టీచర్లూ చీపురు పడతారు. ఏఎల్‌టీకి జపనీస్ రాకపోయినా పిల్లలతో చనువు కుదిరేది ఎక్కువగా ఇక్కడే.

నాలుగుంపావుకు ఏఎల్‌టీ బ్యాగు సర్దుకుంటాడు. జెట్ వాళ్ళకు వారానికి 35 గంటల పని. పక్క బల్ల జపాన్ టీచరు మాత్రం కదలరు. ధనిక దేశాల కూటమి ఓఈసీడీ 2018 సర్వేలో జపాన్ జూనియర్ హైస్కూల్ టీచరు వారానికి సగటున 56 గంటలు పనిచేస్తున్నట్టు తేలింది, సర్వే చేసిన దేశాలన్నిటిలో అదే ఎక్కువ. 1971 నాటి చట్టం ప్రకారం ఓవర్‌టైమ్‌కు బదులు జీతంలో 4 శాతం కలుపుతూ వచ్చారు. ఎన్ని గంటలు ఉన్నా అంతే. 2025లో చట్టం సవరించి ఆ 4 శాతాన్ని మెల్లగా 10కి పెంచాలని నిర్ణయించారు. ఈ నేపథ్యం తెలియకపోతే స్టాఫ్‌రూమ్‌లో చాలా విషయాలు అపార్థమవుతాయి. ‘పాఠం గురించి ముందుగా నాతో మాట్లాడరు, కారిడార్‌లో నడుస్తూ రెండు నిమిషాల్లో చెప్పేస్తారు’ అనేది ఏఎల్‌టీలు తరచూ చేసే ఫిర్యాదు. అవతల ఆ టీచరుకు క్లబ్ ప్రాక్టీసు, తల్లిదండ్రుల ఫోన్లు, దిద్దాల్సిన పేపర్ల మధ్య దొరికేది ఆ రెండు నిమిషాలే.

వేసవిలో, జూలై చివర నుంచి ఆగస్టు దాకా, తేడా మళ్ళీ బయటపడుతుంది. పిల్లలు ఉండరు. జెట్ ఏఎల్‌టీ సెలవు పెట్టకపోతే రోజూ వచ్చి ఖాళీ స్టాఫ్‌రూమ్‌లో కూర్చోవాలి, జీతం పూర్తిగా వస్తుంది. కంపెనీ ఏఎల్‌టీని రావద్దంటారు, చాలా ఒప్పందాల్లో ఆ నెల జీతం తగ్గుతుంది. ఊరికే కూర్చోబెడుతున్నారని ఒకరి విసుగు, కూర్చోబెట్టినా బాగుండేదని ఇంకొకరి బాధ.

జీతం చీటీని విడదీసి చూస్తే

జెట్ మొదటి ఏడాది జీతం 2012 నుంచి 33.6 లక్షల యెన్‌ల దగ్గరే ఆగిపోయింది. 2025లో దాన్ని 40.2 లక్షలు చేశారు, నెలకు 3.35 లక్షలు. యెన్ మారకం ఇటీవల 60 పైసలకు కాస్త తక్కువగా ఉంటోంది కాబట్టి నెలకు రెండు లక్షల రూపాయలకు అటూ ఇటూ. కంపెనీ ఏఎల్‌టీలకు, ఎయికైవా టీచర్లకు ఎక్కువగా కనిపించేది 2 లక్షల నుంచి రెండున్నర లక్షల యెన్‌ల మధ్య. ఎయికైవాల్లో ‘నెలకు రెండున్నర లక్షలు’ అనేది పాతికేళ్ళ కిందటి నుంచీ వింటున్న అంకె.

చేతికి ఎంత వస్తుందో ఒక లెక్క వేద్దాం. నెలకు 2,40,000 యెన్‌లు అనుకోండి, పెళ్ళి కాలేదు, ఏప్రిల్‌లో చేరారు. ఉద్యోగుల పెన్షన్‌కు 18.3 శాతం కట్టాలి, అందులో సగం యజమానిది, మీ వంతు 9.15 శాతం, అంటే 21,960. ఆరోగ్య బీమాకు మీ వంతు 5 శాతం చొప్పున 12,000 దాకా. నిరుద్యోగ బీమా వెయ్యిన్నర లోపు. ఆదాయపు పన్ను నాలుగైదు వేలు. మొత్తం 40 వేలు పోను 2 లక్షలు మిగులుతాయి. బీమా ఉంది కాబట్టి ఆసుపత్రి బిల్లులో 30 శాతమే మీరు కడతారు.

రెండో ఏడు జూన్‌లో జీతం ఉన్నట్టుండి తగ్గుతుంది. చాలామంది కంపెనీ మోసం చేసిందనుకుంటారు. అది నివాస పన్ను. కిందటి క్యాలెండర్ ఏడాది ఆదాయం మీద, మినహాయింపులు పోను సుమారు 10 శాతం, ఊరికీ జిల్లాకూ వెళ్తుంది. వచ్చిన ఏడు కిందటి ఏడాది ఆదాయం అక్కడ లేదు కాబట్టి పన్నూ లేదు. మన ఉదాహరణలో మొదటి ఏడు ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా తొమ్మిది నెలల జీతమే కాబట్టి రెండో ఏడు నెలకు ఆరు వేల చొప్పున పోతుంది. మూడో ఏడు నుంచి పన్నెండు నెలల లెక్క, తొమ్మిది వేల దగ్గర. జీతం పెరగకపోతే చేతికొచ్చేది ఏటా తగ్గుతున్నట్టే ఉంటుంది.

ఇంకో కిటుకు 29.5 గంటలది. రెగ్యులర్ ఉద్యోగి పనిగంటల్లో నాలుగింట మూడొంతులు పనిచేస్తే ఉద్యోగుల బీమా, పెన్షన్ తప్పనిసరి. వారానికి 40 గంటలకు అది 30. అందుకని చాలా కాంట్రాక్టుల్లో పనిగంటలు 29.5 అని రాసేవాళ్ళు, పీరియడ్ల మధ్య ఖాళీలు లెక్కలోకి రావనేవాళ్ళు. అప్పుడు సొంతంగా మునిసిపాలిటీ ఆరోగ్య బీమా, జాతీయ పెన్షన్ కట్టుకోవాలి. ఆ పెన్షన్ ఒక్కటే 2025 లెక్కన నెలకు 17,510 యెన్‌లు. ఈ సందును ప్రభుత్వం మెల్లమెల్లగా పూడ్చింది. వారానికి 20 గంటలు దాటితే చాలు, 2016లో 500 మందికి పైన ఉన్న సంస్థలు, 2022లో 100కి పైన, 2024 అక్టోబరులో 50కి పైన ఉన్నవి అందరినీ చేర్చాల్సిందే అన్నారు. అందుకే పదేళ్ళ నాటి వీడియోల్లో విన్న 29.5 కథలు ఇప్పుడు చిన్న కంపెనీలకే వర్తిస్తాయి. పాత వీడియో చూసి భయపడేవాళ్ళూ, పాత వీడియో చూసి ఆశపడేవాళ్ళూ తేదీ చూసుకోవడం మంచిది.

ఇంత చేసీ పిల్లలకు ఇంగ్లీష్ వస్తోందా

ఏఎల్‌టీ అంటే నడిచే టేప్ రికార్డర్ అనేది పాత ఎత్తిపొడుపు. టీచరు సైగ చేస్తే వాక్యం చదవడం, పిల్లలు తిరిగి అనడం, అంతటితో పని అయిపోవడం. విమర్శించేవాళ్ళ వాదన ఏమిటంటే, శిక్షణ లేని పట్టభద్రుల మీద పెట్టే డబ్బును జపాన్ ఇంగ్లీష్ టీచర్ల శిక్షణ మీద పెడితే ఫలితం ఉంటుంది. అసలు అడ్డంకి పరీక్ష అని కూడా వాళ్ళంటారు. 2021లో మొదలైన దేశవ్యాప్త యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో చదవడం, వినడం ఉన్నాయి, మాట్లాడటం లేదు. ప్రైవేటు పరీక్షల ద్వారా అదీ చేర్చాలన్న ప్రయత్నాన్ని 2019 నవంబరులో ఆపేశారు. పరీక్షలో లేనిదానికి తొమ్మిదో తరగతి టీచరు సమయం ఎందుకు కేటాయిస్తాడు?

సమర్థించేవాళ్ళు వేరే చోటు నుంచి చూస్తారు. షిమానె లాంటి జిల్లాల్లో, చిన్న దీవుల్లో, విదేశీ మనిషిని దగ్గరగా చూడని పిల్లలుంటారు. వాళ్ళకు బెరుకు పోవడమే పెద్ద ఫలితం, అది మార్కుల్లో కనబడదు. అమెరికా యాసే ఇంగ్లీష్ కాదని ఒక ఫిలిప్పీన్స్ టీచరో, జమైకా టీచరో వచ్చాకే తెలుస్తుంది. పరీక్షలూ మారుతున్నాయి. టోక్యో ప్రభుత్వ హైస్కూళ్ళ ప్రవేశానికి 2022 నుంచి మాట్లాడే పరీక్ష పెట్టారు.

నాకు విమర్శకుల మాట ఎక్కువ సబబుగా తోస్తుంది, ఒక మెలికతో. ఏఎల్‌టీ పనికిరాడని తేల్చడానికి ముందు, మూడు బళ్ళు తిరుగుతూ ఒక్కో తరగతిని పది రోజులకోసారి చూసే మనిషి నుంచి ఎవరైనా ఏం ఆశించగలరు? ఒకే బళ్ళో మూడేళ్ళు ఉన్న ఏఎల్‌టీ, సర్దుకుపోయే టీచరు దొరికిన చోట ఆ తరగతి తీరే వేరు. జెట్ వాళ్ళు తమలో తాము ‘ఎవరి పరిస్థితి వారిదే’ అని తరచూ అనుకునేది ఇందుకే.

తెలుగువాళ్ళకు తగిలే మెలికలు

వీసాతో మొదలుపెట్టాలి. ప్రభుత్వ బళ్ళలో చెప్పడానికి ఇన్‌స్ట్రక్టర్ వీసా. ఎయికైవాకు మానవ శాస్త్రాలు, అంతర్జాతీయ సేవల కోవలోని వేరే వీసా. ఒకదాని మీద వచ్చి ముందుగా అనుమతి తీసుకోకుండా రెండోది చేస్తే ఉల్లంఘనే, ఆదివారం రెండు గంటలే అయినా.

ఇన్‌స్ట్రక్టర్ వీసా మీద ఒక భాష చెప్పాలంటే ఆ భాష మాధ్యమంలో కనీసం 12 ఏళ్ళు చదివి ఉండాలి. ఇది మనవాళ్ళలో చాలామందిని పక్కకు నెట్టేస్తుంది. ఒకటి నుంచి ఇంటర్ దాకా ఇంగ్లీష్ మీడియం అయితే సరిగ్గా 12. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి, తరవాత ఇంటర్ రెండేళ్ళు, డిగ్రీ మూడు, పీజీ రెండు, బీఈడీ రెండు ఇంగ్లీష్‌లో చేసినా తొమ్మిదే. ఇంగ్లీష్ ఎంత బాగా మాట్లాడినా అంతే. ఆరో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియంలోకి మారినవాళ్ళకు ఐదు, రెండు, మూడు, బీఈడీ రెండు కలిపి 12 అవుతాయి, కానీ ప్రతి ఏడాదికీ మీడియం రాసి ఉన్న కాగితం చూపాలి. మన దగ్గర కోర్టుల దాకా వెళ్ళిన మీడియం గొడవ టోక్యోలో వీసా లెక్కగా తేలడం ఎవరూ ఊహించి ఉండరు.

ఇక ‘నేటివ్’ సంగతి. ప్రకటనల్లో ఈ మాట చాలాచోట్ల కనబడుతుంది, ముఖ్యంగా ఎయికైవాల్లో. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా పాస్‌పోర్టులకు ఉన్న మొగ్గు మనకు లేదు. జెట్‌లో భారతీయులు ఉన్నారు, సంఖ్య చిన్నది.

బీఈడీ, సబ్జెక్టు అనుభవం ఉన్న తెలుగు టీచరుకు అసలైన దారి టోక్యోలోనే ఇంకోచోట ఉంది. 2000 ప్రాంతంలో కంప్యూటర్ల తేదీ సమస్య (వై2కే) సరిచేయడానికి వెళ్ళిన భారతీయ ఇంజనీర్లు ఎదొగావా వార్డు నిషికసాయి చుట్టూ స్థిరపడ్డారు. జపాన్‌లో భారతీయులు ఇప్పుడు 50 వేలు దాటారు. వాళ్ళ పిల్లల కోసం 2004లో ఇండియా ఇంటర్నేషనల్ స్కూల్, 2006లో గ్లోబల్ ఇండియన్ ఇంటర్నేషనల్ స్కూల్ టోక్యోలో మొదలయ్యాయి. సీబీఎస్ఈ సిలబస్. లెక్కల కోసం, ఇంగ్లీష్ మాధ్యమం కోసం జపాన్ తల్లిదండ్రులు కూడా ఇక్కడ పిల్లలను చేరుస్తున్నారు. ఇక్కడ ఎవరూ యాస అడగరు, ఫిజిక్స్ చెప్పగలరా అని అడుగుతారు. తరగతిని ఒంటరిగానే నడుపుతారు. పేరెంట్ మీటింగుల నుంచి బోర్డు పరీక్షల ఒత్తిడి దాకా బతుకు చాలావరకు హైదరాబాద్ కార్పొరేట్ స్కూలు లాగే ఉంటుంది.

పల్లెల్లో పని దొరికితే కారు తప్పనిసరి. మనలాగే ఎడమవైపు నడపడం ఊరట. ఇంటర్నేషనల్ పర్మిట్ ఏడాదే పనిచేస్తుంది. ఆ తరవాత భారత లైసెన్స్ మార్చుకోవడానికి రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ ఉన్నాయి. 2025 అక్టోబరు నుంచి రాత పరీక్ష 10 ప్రశ్నల నుంచి 50కి పెరిగింది, 90 శాతం రావాలి.

ఐదేళ్ళ తరవాత

జెట్ ఐదేళ్ళకు ఆగిపోతుంది. కంపెనీల్లో 2013 నుంచి అమలైన చట్టం ప్రకారం ఏడాది కాంట్రాక్టులు ఐదేళ్ళు దాటితే, గడువు లేని ఉద్యోగం ఇవ్వమని అడిగే హక్కు వస్తుంది. విద్యా బోర్డులు నేరుగా నియమించుకున్నవాళ్ళకు మాత్రం అది వర్తించదు. వాళ్ళు ప్రభుత్వ తాత్కాలిక సిబ్బంది, 2020 నుంచి ఏడాదికోసారి నియామకం. ఉండిపోవాలనుకునేవాళ్ళలో కొందరు జిల్లా బోర్డు ఇచ్చే ప్రత్యేక లైసెన్స్ సంపాదించి పూర్తి స్థాయి టీచర్లవుతారు. జపనీస్ బాగా రాకుండా ఆ పని సాగదు.

వెనక్కి వచ్చేవాళ్ళకు పెన్షన్ లెక్క ఒకటి మిగులుతుంది. నాలుగేళ్ళు 2,40,000 జీతం మీద ఉద్యోగుల పెన్షన్ కట్టారనుకోండి. దేశం వదిలాక రెండేళ్ళలోపు దరఖాస్తు పెడితే 48 నెలలకు సగటు జీతానికి 4.4 రెట్లు, అంటే 10,56,000 యెన్‌లు ఒకేసారి ఇస్తారు. అది మీ వాటా మాత్రమే, యజమాని కట్టింది రాదు. ఐదేళ్ళకు మించి లెక్క కట్టరు. ఇక్కడే ఒక మెలిక ఉంది. భారత్, జపాన్ మధ్య సామాజిక భద్రత ఒప్పందం 2016 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. జపాన్ పెన్షన్‌కు కనీసం 10 ఏళ్ళు కావాలి, ఒప్పందం వల్ల ఇక్కడ పీఎఫ్ పెన్షన్‌లో ఉన్న ఏళ్ళను అర్హత కోసం కలుపుకోవచ్చు. సొమ్ము వెనక్కి తీసుకున్నారంటే ఆ 48 నెలలు చెరిగిపోతాయి, తరవాత కలపడానికి ఏమీ ఉండదు. ముప్ఫై ఏళ్ళ వయసులో ఆరు లక్షల రూపాయలు కళ్ళముందు ఉంటే చాలామంది తీసేసుకుంటారు, తప్పుపట్టలేం.

ఆ సొమ్ములో 20.42 శాతం పన్నుగా పట్టుకుంటారు, 2,15,000 యెన్‌ల పైన. దాన్ని వెనక్కి అడగొచ్చు. అందుకు జపాన్‌లో ఉండే ఒకరిని ట్యాక్స్ ఆఫీసులో మీ పన్ను ప్రతినిధిగా నమోదు చేయించాలి, విమానం ఎక్కకముందే ఆ పని చూసుకుంటే తేలిక. చాలామందికి ఆ ప్రతినిధి స్టాఫ్‌రూమ్‌లో పక్క బల్ల టీచరే అవుతారు. ఏప్రిల్ బదిలీల్లో ఆయన ఏ ఊరు వెళ్ళినా ఫర్వాలేదు, బ్యాంకు ఖాతా, కాస్త ఓపిక ఉంటే చాలు.